బ్రేకు మీద కాలు

మొదటినుంచీ చదువుతున్నవారికి ఒక్క మాట చాలు, కొత్తగా వచ్చినవారికి నాలుగు మాటలు కావాలి. పెద్ద పెద్ద కట్టడాల దగ్గర టవర్ క్రేను నడిపే ఆ మనిషిని అందరూ గద్ద అంటారు. పొద్దస్తమానం ఆకాశంలో కూర్చుని కింద పాకే చీమను కూడా కనిపెడతాడని వచ్చిన పేరది. అతని భార్య కారు నడపడం నేర్పే టీచరమ్మ. ఆమె తమ్ముడు అదే క్రేను కింద నిలబడి, బరువు ఎటు తిప్పాలో ఎక్కడ దించాలో బావకు చేతి సైగలతో చెబుతాడు. కిందటి నెల ఇనుప చువ్వల కట్ట ఒకటి ఊగుతూ మీదికి వస్తే తమ్ముడు పక్కకు దూకి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తప్పుడు సైగ ఇచ్చింది నేనేనని వాడే ఒప్పుకున్నాడు. ఇటు గద్ద కుంటడం చూసి చూసి విసిగిపోయిన భార్య, మెడ మీద కత్తి పెట్టినంత పనిచేసి అతణ్ణి ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కొచ్చింది. డాక్టరు ఎక్స్‌రేను దీపం పెట్టెకు తగిలించిన దగ్గర మనం ఆగాం.

డాక్టరు పెన్ను మూత తీసి, దానితో ఎడమ తుంటి దగ్గర ఒక సన్నటి నల్ల గీతను చూపించాడు. తొడ ఎముక తల బంతి లాంటిదని, అది తిరిగే గుంట గిన్నె లాంటిదని, ఆ రెండింటి మధ్యా నున్నటి మెత్తటి పొర ఉంటుందని చెప్పాడు. పొర ఫొటోలో పడదు. పొర ఉన్నచోట నల్లటి ఖాళీ కనిపిస్తుంది, అంతే. తర్వాత మూతను కుడివైపుకు జరిపాడు. అక్కడ ఏ గీతా లేదు. బంతీ గిన్నే ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

టీచరమ్మకు ఎక్స్‌రేలు చదవడం రాదు. అయినా ఎడమకూ కుడికీ ఉన్న తేడా చంటిపిల్లకు కూడా తెలుస్తుంది.

"నొప్పి మోకాల్లో కదా సార్," అన్నాడు గద్ద, ఎవరో పొరపాటున తన పేరు పిలిచినట్టు.

తుంటిలో పుట్టిన నొప్పి చాలామందికి గజ్జల్లోనూ తొడ ముందువైపూ తెలుస్తుందని, కొందరికి ఏకంగా మోకాల్లోకి దిగి అక్కడే మకాం పెడుతుందని డాక్టరు చెప్పాడు. "దొంగ మేడమీద ఉంటే మీరిన్నాళ్ళూ కింది వాటా తలుపు బాదారు," అన్నాడు.

ఇంట్లో సొరుగు నిండా ఉన్న మోకాలి పట్టీలు, పిండి పిండి సగానికి చేసిన పూతమందు గొట్టాలు టీచరమ్మ కళ్ళముందు కదిలాయి. ప్రతి సాయంత్రం ఆ మోకాలికి మందు రాసింది తనే. ఎముకల సంగతి తనకు తెలియదు సరే, నడక సంగతి తెలియదా? కుడికాలు మోపినప్పుడల్లా ఆయన నడుము ఒరిగిపోవడం ఎన్నిసార్లు చూడలేదు?

"ఆపరేషన్ చెయ్యాలంటారా?" అని అడిగింది.

"ఫొటో చూసి చెయ్యనమ్మా. ఫొటో ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండి, నవ్వుతూ తిరిగేవాళ్ళున్నారు. మనిషిని చూసి చేస్తాను. అందుకే ఇప్పుడు అడిగేవాటికి నిజం చెప్పాలి," అని డాక్టరు కుర్చీని గద్దవైపు తిప్పుకున్నాడు.

రాత్రి నిద్ర పడుతోందా అని మొదట అడిగాడు. పడుతోందన్నాడు గద్ద. కుడి పాదానికి మేజోడు సొంతంగా వేసుకోగలరా అంటే, వేసుకోకేం అన్నాడు. ఎంతదూరం నడుస్తారంటే కావలసినంత అన్నాడు. ప్రతి జవాబూ బస్సులో టికెట్టు అడిగినప్పుడు చెయ్యి చాపినంత తేలిగ్గా వచ్చింది.

టీచరమ్మ పెళ్ళయిననాటినుంచీ పరాయివాళ్ళ ముందు భర్త మాటను కొట్టిపారేసిన మనిషి కాదు. ఇంట్లో ఎన్ని అనుకున్నా గడప దాటితే ఆయన మాటే మాట. ఆమె చేతిసంచీని ఒళ్ళో సర్దుకుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"నిద్ర మంచం మీద కాదండీ, కుర్చీలో. తెల్లారేసరికి కుర్చీలోనే ఉంటారు. మేజోడు నేను తొడుగుతాను, గోళ్ళు నేను తీస్తాను. వీధి చివరి కొట్టుదాకా వెళ్ళి రావడానికి మధ్యలో రెండిళ్ళ అరుగులు కావాలి. నొప్పి బిళ్ళలు వాడీ వాడీ కడుపులో మంట తెచ్చుకున్నారు. ఎవరో వ్యాయామాలు నేర్పితే అవీ చేశారు. సూది మందు వేయించుకుంటే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది."

గద్ద ఆమెవైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

డాక్టరు అతణ్ణి బల్ల మీద పడుకోబెట్టి కుడికాలిని మెల్లగా వంచాడు. మోకాలు సగం లేచేసరికే ఆగిపోయింది. పాదాన్ని పక్కకు తిప్పబోతే గద్ద నోరు తెరవలేదు కానీ బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. డాక్టరు వెంటనే వదిలేసి, తన అరచేతిని అతని పాదం కింద ఆనించి తొక్కమన్నాడు. తొక్కాడు. మళ్ళీ తొక్కమన్నాడు. ఈసారి కాలు సగంలో బిగుసుకుపోయింది. గద్ద నుదుట చెమట పట్టింది.

"ఇలా పట్టేస్తుంటుందా?"

"ఎప్పుడో ఒకసారి సార్."

"మీ పనిలో కాళ్ళతో పనుందా?"

"లేదు సార్. కుర్చీలో కూర్చుని చేసే పని. అంతా చేతులతోనే."

టీచరమ్మ చెయ్యి సంచీ మీద ఆగిపోయింది.

పెళ్ళయిన కొత్తలో, క్రేను ఎలా నడుపుతారని తను అడిగితే, ఆయన వంటింట్లో పీట మీద కూర్చుని రెండు గరిటెలు రెండు చేతుల్లో పట్టుకుని చూపించాడు. ఇది పైకెత్తేది, ఇది తిప్పేది అని చెప్పి, కుడికాలితో నేలను నొక్కి, తిరిగే క్రేను చేతిని ఆపేది ఇదీ అన్నాడు. మాది పాత బండి, కొత్తవాటిలోలా అన్నీ మీటల్లో ఉండవన్నాడు. అయితే మీదీ నాదీ ఒకటే ఉద్యోగం, ప్రాణాలన్నీ కుడికాలిలోనే ఉన్నాయని తను నవ్వింది. ఆ పాత బండి ఇప్పటికీ మారలేదు.

ఆమె డాక్టరు ముందు ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే తర్వాతి మాట ఏమిటో అప్పటికే ఆమె మనసుకు తట్టింది. దాన్ని పరాయి గదిలో వినే ధైర్యం లేకపోయింది.

డాక్టరు తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. మందులు, వ్యాయామం, ఒళ్ళు తగ్గించుకోవడం, చేతికర్ర, ఇవన్నీ చేసి చూశాక కూడా నొప్పి మనిషి నిద్రనూ నడకనూ తినేస్తుంటే అప్పుడు కీలు మార్చడం గురించి ఆలోచిస్తామన్నాడు. ఆ హద్దు మీరు దాటి చాలాకాలమైందన్నాడు. అరిగిన బంతిని తీసి లోహపు కాడ మీద కొత్త బంతిని, గుంటలో కొత్త గిన్నెను అమరుస్తారు. సాధారణంగా మర్నాడే వాకరుతో నాలుగడుగులు వేయిస్తారు. చీము పట్టడం, రక్తం గడ్డకట్టడం, బంతి గిన్నెలోంచి జారడం లాంటి ప్రమాదాలు తక్కువేగానీ లేకపోలేదు. గద్దకింకా యాభై నిండలేదు కాబట్టి కొత్త కీలు కూడా ఏనాటికో అరిగి మళ్ళీ మార్చవలసి రావచ్చు.

"నొప్పి పోతుందా?" అని అడిగాడు గద్ద. ఆ గదిలో అతను అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అదే.

"చాలామందికి పోతుంది. ఎందుకింత ఆలస్యం చేశామా అని వాళ్ళే తిట్టుకుంటారు."

"మళ్ళీ నిచ్చెన ఎక్కొచ్చా?"

డాక్టరు పెన్నుకు మూత పెట్టాడు. "మేడ మెట్లు ఎక్కుతారు, కారు నడుపుతారు, మనవల్ని ఎత్తుకుంటారు. ఆకాశంలోకి పోయే నిచ్చెన మాత్రం ఎక్కమని నేను చెప్పను. అసలు ఇప్పుడు కూడా ఎక్కకూడదు."

గద్ద తలూపాడు. విన్నానన్నట్టు ఊపాడు, ఒప్పుకున్నట్టు కాదు.

ఆసుపత్రి వెనక కార్లు ఆపే చోటు దాదాపు ఖాళీగా ఉంది. టీచరమ్మది పాఠాలు చెప్పే కారు. నేర్చుకునేవాళ్ళు తికమకపడితే టీచరు ఆపడానికి పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. రోజూ ఆమె కూర్చునే ఆ సీట్లో ఇవాళ గద్ద కూర్చోవాలి. ముందు వీపు తిప్పి సీటు మీద కూలబడి, తర్వాత రెండు చేతులతో కుడి తొడను ఎత్తి లోపల పెట్టుకున్నాడు. ఆమె సాయానికి వెళ్ళకుండా, బండి అవతలి పక్క నిలబడి అద్దంలోంచి చూసింది.

కారు కదిలింది. ఆమె దాన్ని గేటువైపు తిప్పకుండా, చివరనున్న గోడవైపు పోనిచ్చింది. నడిచే మనిషికన్నా కాస్త వేగం, అంతే.

"దారి ఇటు కాదు," అన్నాడు గద్ద.

"మీ ముందున్న బ్రేకు తొక్కండి."

"ఏంటీ?"

"తొక్కండి. నేను తొక్కను."

ఆమె పాఠం చెప్పే గొంతు అది. ఎంత మొండివాడైనా ఆ గొంతుకు లొంగవలసిందే. గద్ద పాదం కదిపాడు. పాదం లేచింది కానీ తొడ లేవలేదు. గోడ మీద పెచ్చులూడిన సున్నం స్పష్టంగా కనిపిస్తోంది. అతను రెండు అరచేతులతో మోకాలిని పట్టుకుని కిందికి నొక్కాడు. పెడలు అప్పటికి సగం దిగింది. అప్పటికే ఆమె తనవైపు బ్రేకు తొక్కేసింది. కారు గోడకు బారెడు దూరంలో ఆగింది.

ఇంజను ఒక్కటే గురగురమంటోంది.

"ఆ రోజు కూడా ఇలాగే చేతులతో నొక్కారా?" అని అడిగింది.

గద్ద ముందు ఏ రోజు అనబోయాడు. ఆ మాట సగంలోనే చచ్చిపోయింది. అతను గోడను చూస్తూ, చెప్పవలసినదంతా చెప్పాడు. ఆ మధ్యాహ్నం గాలి ఉంది. చువ్వల కట్టను తిప్పుతుండగా బావమరిది ఆపమని చెయ్యెత్తాడు. సైగ సరిగ్గానే ఉంది, సకాలంలోనే ఉంది. కాలు బ్రేకు మీదే ఉంది, కానీ నడుము దగ్గర ఏదో మేకు దిగినట్టయి కాలు తన మాట వినలేదు. చేతులతో నొక్కేసరికి కట్ట ఊపందుకుంది. కింద తమ్ముడు తన పక్కనున్న పనివాణ్ణి నెట్టేసి, తను ఆఖర్న దూకాడు. నిచ్చెన దిగి అక్కడికి చేరడానికి తనకెంతసేపు పట్టిందో తనకే తెలియదు. అప్పటికే వాడు స్ట్రెచరు మీద ఉన్నాడు, అప్పటికే మేనేజరుతో చెప్పేశాడు. గద్ద చెయ్యి దగ్గరికి లాక్కుని చెవిలో అన్నాడు: "నా సైగే తప్పని చెప్పేశాను బావా. నువ్వు నోరు మెదపకు."

టీచరమ్మ వింటున్నంతసేపూ స్టీరింగు వదల్లేదు. ఈ నెలరోజులూ తను తమ్ముణ్ణి ఎన్నేసి మాటలంది. చూపొకచోట చెయ్యొకచోట అంది. బావ పెట్టించిన ఉద్యోగాన్ని నిలబెట్టుకోలేని చవట అంది. పైన కూర్చున్న మనిషికి ఏమైనా అయుంటే నా బతుకేమయ్యేదిరా అని కూడా అంది. వాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పెట్టినది తిని, అన్నవన్నీ పడి వెళ్ళిపోయేవాడు. వాడు అలా తలొంచుకున్న ప్రతిసారీ ఈయన పక్కగదిలో వింటూనే ఉన్నాడు.

"నేను వాణ్ణి తిడుతుంటే మీకేమీ అనిపించలేదా?"

"అనిపించింది."

"అనిపించి ఏం చేశారు?"

గద్ద గొంతు సవరించుకుని, ఇప్పుడు నిజం చెబితే ఏం జరుగుతుందో నీకు తెలియదన్నాడు. ఆ క్షణమే దింపేస్తారు. ఉద్యోగం పోతే కంపెనీ ఇన్సూరెన్సూ పోతుంది, అది పోతే ఈ ఆపరేషన్ మాటే ఉండదు. కుంటివాడినై ఇంట్లో కూర్చుంటాను. అదే ఆపరేషన్ అయ్యేదాకా ఓపిక పడితే, తర్వాత నేనే మేనేజరు ముందు నిలబడి అంతా ఒప్పుకుంటాను. ఒట్టేసి చెబుతున్నానన్నాడు.

అతను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు. భయపడుతున్న మనిషి వేసే లెక్క అది, అందులో తప్పు వెతకడం కూడా కష్టమే. ఆ కాలు బాగుపడాలని తనకన్నా ఎక్కువ కోరుకునేవాళ్ళెవరు? ఇన్నాళ్ళూ రాత్రుళ్ళు కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా మేలుకున్నది తను. ఒక్క నెల నోరు మూసుకుంటే చాలు, ఆ కిర్రు ఆగిపోతుంది. ఆమె మనసు ఆ మాటవైపు మొగ్గింది కూడా. మొగ్గిందని తెలిసి ఆమెకే ఒళ్ళు జలదరించింది.

"ఆపరేషన్ తేదీ వచ్చేదాకా మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, పనికి వెళ్తాను. అన్నాళ్ళు ఊరికే సెలవు పెడితే ఎందుకని అడుగుతారు."

"అంటే మళ్ళీ పైకెక్కుతారు."

"జాగ్రత్తగా ఉంటాను."

"మీరు జాగ్రత్తగానే ఉంటారు. కాలు ఉండదు. ఇప్పుడు కింద ఎవరు నిలబడుతున్నారు?"

గద్ద ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూసి ఆమె ఫోను తీసింది. అతను వద్దంటూ చెయ్యి చాపాడు కానీ ఆమె అప్పటికే తమ్ముడికి చేసేసింది.

తమ్ముడు ఎత్తాడు. వెనక యంత్రాల హోరు వినిపిస్తోంది. దెబ్బ తగిలాక నిన్ను గేటు దగ్గర బళ్ళ రాకపోకలు చూసే పనిలో కూర్చోబెట్టారు కదా, అక్కడంత హోరు ఎందుకుందని ఆమె అడిగింది. ఇవాళ్టినుంచి మళ్ళీ క్రేను కిందికే వచ్చానని వాడు మామూలుగా చెప్పాడు. తనే బతిమాలి వేయించుకున్నాడట. కుడిచెయ్యి కట్టులో ఉంటేనేం, ఎడమచేత్తో సైగలిస్తానన్నాడట.

"ఎందుకురా?"

వాడు గొంతు తగ్గించాడు. "నా బదులు వచ్చిన కొత్తవాడికి బావ కాలు సంగతి తెలీదక్కా. నేనైతే ముందే ఆపమంటాను. బావకి టైము చిక్కుతుంది."

అక్కకు అంతా తెలిసిపోయిందని వాడు గ్రహించే ఉంటాడు. అయినా ఏమీ అడగలేదు. బావని ఏమీ అనకు, పని ఉంది అని పెట్టేశాడు.

టీచరమ్మ ఫోను ఒళ్ళో పడేసి కారు వెనక్కి తీసింది. ఈసారి గేటువైపే తిప్పింది. పెద్దరోడ్డు ఎక్కాక ఇంటికి పోయే మలుపు వచ్చింది. ఆమె తిరగలేదు. గద్దకు అర్థమైంది. ఎక్కడికి అని అడగలేదు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు, "నువ్వు చెప్తావా?" అని మెల్లగా అడిగాడు.

"నేను చెప్తే అది చాడీ అవుతుంది," అంది. "నేను కారు తోలేదాన్నే. మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్తాను, అంతే."

సాయంత్రపు ఎండ కట్టడం పైఅంతస్తుల మీద ఇంకా మిగిలి ఉంది. సిమెంటు దుమ్ములోంచి కారు లోపలికి పోతుంటే గద్ద తలెత్తి చూశాడు. క్రేను కదలకుండా నిలబడి ఉంది. కొక్కేనికి ఒక పెద్ద పలకల కట్ట కట్టి, నేలకు మనిషెత్తున లేపి వదిలేశారు. పైన గదిలో ఎవరూ లేరు. కింద, ఆ కట్టకు కాస్త దూరంలో, ఎడమచేత జెండా పట్టుకుని తమ్ముడు నిలబడ్డాడు.

కారును చూసి మేనేజరు గబగబా వచ్చాడు. అతని ముఖం వెలిగిపోయింది. దేవుడు పంపినట్టు వచ్చావు గద్దా అన్నాడు. రెండో ఆపరేటరుకు కళ్ళు తిరిగాయట, ఇప్పుడే దింపి పంపించారు. పలకలు చీకటి పడేలోగా పైఅంతస్తుకు చేరకపోతే పని మొత్తం ఆగిపోతుంది. ఇవాళ సెలవులో ఉన్నావని తెలుసు, ఈ ఒక్క బరువూ ఎక్కించి వెళ్ళిపో, అర్ధగంట పని, నీ మేలు మర్చిపోను అన్నాడు.

గద్ద తలుపు తెరిచాడు. రెండు చేతులతో కాలు బయటపెట్టుకుని, తలుపు అంచు పట్టుకుని లేచాడు. మేనేజరు అది చూశాడు కానీ చూసినదాని అర్థం ఇంకా అతనికి తట్టలేదు. గద్ద నిచ్చెనవైపు చూశాడు. అక్కణ్ణుంచి అది దారంలా సన్నగా పైకి పోతోంది. ఇన్నేళ్ళలో ఆ మేనేజరు ఎక్కమన్న ఏ రోజూ అతను కాదనలేదు. ఎండనీ వాననీ జ్వరమనీ అడ్డు చెప్పలేదు.

టీచరమ్మ స్టీరింగు మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేనెక్కను సార్," అన్నాడు గద్ద. "ఇంకెప్పుడూ ఎక్కను."

మేనేజరు ఒక్క క్షణం నవ్వుదామా అన్నట్టు చూశాడు. "అదేంటి? ఏమైంది?"

గద్ద నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అవతలినుంచి తమ్ముడు పరుగున రావడం మొదలుపెట్టాడు. జెండా నేల మీద పడేసి, ఎడమచేతిని నిటారుగా పైకెత్తి, అరచెయ్యి తెరిచి బావకు చూపిస్తున్నాడు. ఆపు, ఆపు. ఆ సైగ నోరు విప్పొద్దనేనని తెలిసి గద్ద ఆగిపోయాడు.

మేనేజరు వెనక్కి తిరిగి వాణ్ణి చూశాడు, మళ్ళీ గద్దను చూశాడు, కారులో కూర్చున్న మనిషినీ చూశాడు. అతని ముఖంలోంచి తొందర మెల్లగా జారిపోయింది.

"మీ ముగ్గురికీ తెలిసి నాకు తెలీనిది ఏదో ఉంది," అన్నాడు. "ఎవరు చెప్తారు?"